హచ్చొళ్ళిలో బియ్యం డ్రమ్ములోకి వెళ్లిన కారు తాళం

లంచ్ తర్వాత స్టాఫ్ రూములో పది నిమిషాలు కళ్లు మూశానని మా హెడ్మాస్టర్ నాకు మెమో ఇచ్చారు. టీచరు కునికితే పిల్లలు చెడిపోతారట. ఆ మంట మీద ఉండగానే బళ్ళారి అవతల హచ్చొళ్ళి నుంచి పిన్ని ఫోన్ చేసింది, కోతలైపోయాయి, ఒకసారి వచ్చి పొమ్మని. ఆదివారం అనంతపురంలో ఆరింటి బస్సెక్కి తొమ్మిదికల్లా బళ్ళారిలో దిగాను. కౌల్ బజార్‌లో ఇడ్లీ తిని, అక్కడే ఒక ట్రావెల్స్ వాళ్ల దగ్గర రానూపోనూ రెండున్నర వేలకు కారు మాట్లాడుకున్నాను. సాయంత్రం అయిదున్నరకు నాకు తిరుగు బస్సు.

డ్రైవర్ పేరు గాదిలింగప్ప, నలభై ఏళ్లుంటాయి. సిరుగుప్ప దాటి కాలవ గట్టు రోడ్డెక్కాక కారు ఉన్నట్టుండి కంకర మీదికి జారింది. మూరెడు దూరంలో నీళ్లు. తాగి నడుపుతున్నావా అని నోటికొచ్చినట్టు తిట్టాను.

"తాగలేదక్కా, కన్ను మూతబడిండాది. బెంగళూరు డ్యూటీ నుంచి పొద్దున నాలుగింటికొచ్చినా, ఏడింటికి మళ్లా రమ్మన్నారు. యాడన్నా ఆపి పండుకుందామంటే బండి నిలబడితే జీపీఎస్‌లో ఆఫీసుకు తెలుస్తాది. రేపు డ్యూటీ ఇయ్యరు" అన్నాడు.

అప్పుడైనా ఆపమనాల్సింది. నిదానంగా పోనిమ్మని మాత్రం అన్నాను.

పిన్నివాళ్లు తణుకు వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కుని నలభై ఏళ్లయింది. కాలవ నీళ్ల వంతు రాత్రిపూట వస్తే మగవాళ్లకు జాగారమే. అలా నిద్రలేకుండా ట్రాక్టరెక్కి ఒకసారి బాబాయి కాలవలో పడ్డాడు, రెండు వేళ్లు పోయాయి. అప్పటినుంచి ఆ ఇంట్లో ఒక కట్టడి ఉంది. బండి నడిపేవాడెవడైనా అన్నానికి కూర్చునే ముందు తాళం పిన్ని చేతికివ్వాలి. ఆవిడ దాన్ని బియ్యం డ్రమ్ములో పూడ్చేస్తుంది, నిద్రపోయి లేస్తేనే తీస్తుంది. గాదిలింగప్ప తాళమూ అందులోకే పోయింది.

బస్సు టైమవుతుందని నేను గొణిగాను. మెమో మీద అంత రుసరుసలాడిన మనిషిని!

"నీ బస్సు పోతే ఇంకోటి వస్తుందే. ఇతను కళ్లు మూసుకోవాల్సింది ఇక్కడా, రోడ్డు మీదా?" అంది పిన్ని.

పగటి నిద్రకు ఆవిడ లెక్కలు ఆవిడకున్నాయి. తిన్నాక పదినిమిషాలు వాకిట్లో తిరగాలి. మంచం వద్దు, గాలి తగిలే వసారాలో చాప చాలు. కళ్ల మీద తడి తువ్వాలు. అరగంట దాటకూడదు, దాటితే లేచాక తల దిమ్ముగా ఉండి రాత్రి నిద్ర చెడుతుంది. మూడు తర్వాత అసలు పడుకోకూడదు. నిద్ర సుఖమెరగదంటారు, గాదిలింగప్ప చాప చేరేలోపే గురక పెట్టాడు.

పది నిమిషాలు కాలేదు, అతని ఫోన్ మోగింది. ఉలిక్కిపడి లేవబోతుంటే నేను లాక్కున్నాను. బండెందుకు నిలబడిందని ఆఫీసులో గుమాస్తా. నేనే ఆపించాను, మీ ఓనర్‌కివ్వు మాట్లాడతానన్నాను.

"ఓనరన్న పండుకోనుండాడు మేడం. నాలుగు దాకా లేపేకి లేదు."

నా ఒళ్లు మండిపోయింది. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ! మా డ్రైవరూ పడుకున్నాడు, అతన్నీ లేపడానికి లేదని చెప్పి ఫోన్ ఆపేశాను.

తిరుగు దారిలో అతను ఒక్కసారి కూడా ఆవలించలేదు. బళ్ళారి చేరేసరికి అతనికి ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది, రేపు డ్యూటీ లేదని. నేను నేరుగా ఓనర్ దగ్గరికి వెళ్లాను. ఆయన చెంప మీద దిండు గుర్తులింకా పోలేదు, డ్రైవర్లను అలా వదిలేస్తే సోమరులైపోతారని నాకు చెప్పాడు. అరగంట వాదించాను. అయిదున్నర బస్సు పోయింది, అతని డ్యూటీ మాత్రం తిరిగి రాలేదు.

పెద్దవాళ్లు పడుకుంటే విశ్రాంతి, పనివాళ్లు పడుకుంటే సోమరితనం. నేనూ ఆ పొద్దున అలాగే చూశాను, ఆ సిగ్గు ఇంకా పోలేదు. మీరు అటు వెళ్తే ఒక్కటి చేయండి. మధ్యాహ్నం అరగంట బండి ఆపుతామని డ్రైవర్‌తో చెప్పించకుండా మీరే ఓనర్‌కు ఫోన్ చేసి ఒప్పించండి. ఒంటిగంట లోపే చేయండి, ఆ తర్వాత ఆయన నిద్రలో ఉంటాడు.