గోడకెక్కని ప్రశ్నలు

అప్పట్లో నేను చిత్తూరులో టీచరుగా పనిచేసేదాన్ని. రిటైరైన హెడ్మాస్టరొకాయన బజారువీధిలో మేడమీద గది సంపాదించి, చర్చావేదిక పెడదామన్నాడు. గోడకు పెద్ద చెక్కబోర్డు. ఎవరైనా ప్రశ్న రాసి గుచ్చవచ్చు. జవాబు చెప్పదలచినవాళ్ళు దాని కిందే గుచ్చుతారు. నాకు ఆ ఆలోచన ఎంతో నచ్చింది.

"ఖాళీ బోర్డు సూస్తే ఎవురూ ముందుకు రారమ్మా. తెరిసేలోపల పది ప్రశ్నలన్నా ఉండాల. ఆడోళ్ళవి నువ్వు తీసుకురా" అన్నాడాయన.

వారం రోజులు బడి వదిలాక మా వీధంతా తిరిగాను. చాలామందికి రాయడం రాదు. వాళ్ళు చెబితే నేను రాసుకున్నాను. చింతపండు గింజలు తీసే పనికి పోయే ఒకామె అంది: "కాన్పుకు పోతే, నొప్పులకు అరిసినామని తొడమీద కొడతారు గదా. ఎందుకు కొడతారో అడుగు టీచరమ్మా."

నీ ప్రశ్న గోడమీద ఉంటుందని ఆమెకు మాటిచ్చి, చూడడానికి రమ్మన్నాను.

ప్రారంభానికి ముందురోజు వెళ్ళేసరికి బోర్డు నిండిపోయి ఉంది. విద్య గొప్పదా, ధనం గొప్పదా? పిల్లల్లో క్రమశిక్షణ ఎందుకు తగ్గుతోంది? ఒక మూల, పట్టుచీర మీద నూనె మరక ఎలా పోతుందని 'ఒక గృహిణి' అడిగిందట. ఆ గుండ్రటి అక్షరాలు హెడ్మాస్టరువి. రంగుకాగితాలు అంటించే మైదా జిగురు గిన్నె కింద, అంతకుముందే నేను తెచ్చిచ్చిన ప్రశ్నల కాగితాలు పరిచి ఉన్నాయి.

"ఇదేంది సార్?"

"రేపు ప్రారంభానికి పెద్దాస్పత్రి డాక్టరే వస్తా ఉండాడు. ఆయన ముందర కాన్పుల గొడవ పెడితే ఏం మర్యాదమ్మా?"

"మరి ఈ గృహిణి ఎవరు?"

"నేనే రాసినాను. ఆడోళ్ళు కూడా ఉండారని కనపడాల గదా" అని నవ్వాడు.

నా ఒళ్ళు మండిపోయింది. గిన్నె పక్కకు తోసి కాగితాలు లాక్కున్నాను. ఆమెది చదివితే ఇంకా మండింది, ఈసారి నామీదే. తొడమీద కొడతారన్న మాట అందులో లేదు. 'ఆస్పత్రిలో సరిగా చూడరు' అని నేనే మర్యాదగా మార్చి రాసి ఉన్నాను.

నేరుగా ఆమె ఇంటికి పోయి ఆయన తప్పూ, నా తప్పూ రెండూ చెప్పాను. ఆమె చేతులు కడుక్కుంటూ, "నేనే వస్తాలే" అంది.

మరుసటి రోజు డాక్టరు స్వేచ్ఛగా మాట్లాడుకోవడం గురించి చాలాసేపు ప్రసంగించాడు. అయిపోగానే ఆమె లేచి నిలబడి, "అయ్యా, నాకు రాయను రాదు. నోటితో అడగొచ్చునా?" అని, అడగవలసింది అడిగేసింది.

డాక్టరు గడియారం చూసుకున్నాడు. "ఫిర్యాదుంటే రాసివ్వమ్మా."

"రాయను రాదని సెప్తిని గదా!"

హెడ్మాస్టరు గబగబా కాఫీలు తెమ్మన్నాడు. ఆమె మాటలు ఉన్నవున్నట్టు రాసి బోర్డుకు గుచ్చాను. పొద్దున్నకు లేదు. మళ్ళీ గుచ్చాను. ఆ తర్వాత నన్ను రావద్దన్నారు.

సోమవారం సెలవు పెట్టి, ఆమె, మా వీధిలోని ఇంకో ఐదుగురు ఆడవాళ్ళు, నేను ఆస్పత్రికి పోయాం. పెద్ద నర్సు మమ్మల్ని కూర్చోమనలేదు. చూస్తాం, వెళ్ళండని పంపేసింది. దారంతా ఆ ఆరుగురూ తిట్టిన తిట్లలో ఒక్కటి కూడా ఈసారి నేను సరిదిద్దలేదు.