అవ్వ దిగిన గుంత

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఒకటి ఉండేది కాదు. వయసు ఇరవై మూడు, చేతిలో వ్యవసాయ డిగ్రీ, నెత్తిన మా సంస్థవాళ్ళు ఇచ్చిన ఆకుపచ్చ టోపీ. ఇంకేం కావాలి! కిరందుల్ ఇనుప గనుల కాలనీలో పుట్టి పెరిగి (నాన్నది శ్రీకాకుళం, గనిలో ఉద్యోగం), పొలాన్ని పుస్తకంలోనూ బస్సు కిటికీలోంచీ తప్ప చూడని దాన్ని, కొంటా చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు మాట్లాడే రైతులకు మట్టి గురించి పాఠాలు చెప్పడానికి బయలుదేరాను. తాతకు దగ్గులు నేర్పడం అంటారే, అచ్చం అదే. పాపం ఆ తాతలు మర్యాదస్తులు కనక, దగ్గడం అప్పుడే నేర్చుకుంటున్నట్టు బుద్ధిగా కూర్చునేవాళ్ళు.

నా పాఠం పేరు బయోచార్. కంది కట్టెనూ వెదురు తుక్కునూ చేలో ఊరికే తగలబెడితే మిగిలేది పొగా బూడిదా. అదే గుంతలో వేసి, అడుగుకు గాలి అందకుండా పైనుంచి కాల్చి, బూడిద కాకముందే నీళ్ళు కొట్టి ఆర్పితే బొగ్గు మిగులుతుంది. దాన్ని పేడనీళ్ళలో నానబెట్టి చేలో కలిపితే మట్టి తడినీ సారాన్నీ పట్టి ఉంచుతుంది. పొగై పైకి పోవలసిన కార్బన్ వందల ఏళ్ళు నేలలోనే ఉండిపోతుంది. ఇదంతా నేను ఒక్క గుక్కలో చెప్పి ఊపిరి పీల్చుకుంటే, ముందు వరసలో కూర్చున్న ఒక అవ్వ అడిగింది.

"బొగ్గుల్ని పొయ్యిల ఏస్తరు గానీ మన్నుల పెడతరా ఏంది? మన్నుల పెట్టేది మనిషిని గదా బిడ్డా?"

"ఇది మట్టిలో పెట్టినా కుళ్ళదు అవ్వా. నువ్వు పోయినా, నీ మనవళ్ళు పోయినా అలాగే ఉంటుంది!" అన్నాను ఉత్సాహంగా. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అవ్వ మాత్రం నవ్వి, "అయితే మా చేన్లనే తవ్వుకో" అంది.

అవ్వ కొడుకూ మరో నలుగురూ కలిసి తవ్వారు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, ఛాతీ దాకా లోతు. ఆ కొలతలు వింటే ఇంకెవరికైనా ఏదో ఒకటి తట్టేది. నాకు మాత్రం మా ఫోన్‌లోని యాప్ తప్ప ఏమీ తట్టలేదు. కాల్చే ముందు ఖాళీ గుంతకు ఫొటో తీయాలి, లోతు తెలియడానికి అందులో ఒక మనిషి నిలబడి ఉండాలి, అని దాని ఆజ్ఞ. చేతిలో పనిలేకుండా కనిపించింది అవ్వే. "అవ్వా, ఒక్క నిమిషం ఇందులోకి దిగవా?" అన్నాను. అవ్వ తన కొడుకు వంకా గుంత వంకా చూసింది. ఇంటికి వచ్చిన ఆడపిల్ల అడిగితే కాదనలేకపోయిందో ఏమో, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని దిగింది. ఫొటో తీసి, అది పంపడానికి సిగ్నల్ వెతుక్కుంటూ గట్లన్నీ తిరిగాను. వచ్చేసరికి గుంత దగ్గర ఎవరూ లేరు. పారలు ఎక్కడివక్కడే పడి ఉన్నాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో అవ్వ ఒక్కతే, మోచేతులు ఆనించి, తనంతట తాను పైకి పాకుతోంది.

రెండు రోజుల తర్వాత స్కూటీ మీద మళ్ళీ వెళ్ళాను. పట్టపగలు ఊరంతా మాటుమణిగి ఉంది. దంచుతున్న రోకళ్ళు నన్ను చూసి ఆగిపోయాయి. అవ్వ కొడుకు గుమ్మంలో కూర్చుని తాడు పేనుతున్నాడు.

"అవ్వ ఏదీ?" అన్నాను.

"ఏ అవ్వ, మేడంజీ?" అన్నాడు తలెత్తకుండా.

అతని వెనకే, మూరెడు దూరంలో, అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది! ఆమె ముందు ఆకు దొప్పలో జావ. ఈగలు ముసురుతున్నాయి. మనవరాలు వచ్చి పాత దొప్ప తీసేసి, అవ్వ వంక చూడకుండా, కొత్తది పెట్టి వెళ్ళిపోయింది. అవ్వ నన్నే చూస్తూ, "నన్ను జూసేది నువ్వొక్కదానివే బిడ్డా" అంది. (సైన్సు చదివిన మనిషిని కదా, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, మొట్టమొదట ఆమె పాదాలు చూశాను. ముందుకే ఉన్నాయి.) సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. తెరమీద ఎర్ర అక్షరాలు: గుంతలో మనిషి కనిపించడం లేదు, ఫొటో మళ్ళీ తీయండి. ఫొటో తెరిచి చూశాను. గుంత ఉంది, అవ్వ లేదు. ఎండకు లోపలంతా నల్లటి నీడ పడిందని ఇవాళ సర్దిచెప్పుకుంటాను. ఆ రోజు మాత్రం స్కూటీ ఎక్కడ పెట్టానో చూసుకున్నాను.

పారిపోలేదు, ఊరి పూజారి తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన నా టోపీ వంక చూస్తూ చెప్పాడు.

"మనిషంత గుంత దవ్వి మనిషిని దించితివి. గుంత ఆమెను తన పేర రాసుకున్నది. అది నిండేదాక ఆమె ఈడ లేదు. ఎవరన్న పిలిస్తే, ఈడ్నే ఉన్నదని గుంతకు తెలుస్తది. వచ్చి తీసుకపోతది."

"పోనీ పూడ్చేస్తే?"

"మన్ను బోస్తే మోసపోతదా అది? మనిషి గావాలె. లేకుంటే మనిషంత కట్టె గావాలె."

హమ్మయ్య, కట్టెలు కాల్చడమే కదా మా పని అనుకున్నాను. కానీ మణికట్టుకంటే లావు కట్టె వేస్తే లోపల పచ్చిగా ఉండిపోతుందని నిన్నమొన్న పాఠం చెప్పింది నేనే. సగం పచ్చిగా మిగిలితే గుంత ఊరుకుంటుందా? భయపడుతూ అడిగాను, కంది కట్టెలన్నీ అవ్వ పొడుగున ఒకే మోపుగా కడితే పనికొస్తుందా అని. తాత ఆలోచించి, "మనిషి మాత్రం ఒక్కటే ఎముకనా?" అన్నాడు.

తిరిగి వచ్చి అవ్వ పక్కన కూర్చున్నాను. ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి. పిలిస్తే గుంతకు తెలుస్తుందని, పిలుపు లేకుండానే "తిను" అని గుసగుసగా బతిమాలాను. "ఎదురుగ పెడుతున్నరు గానీ పిలుస్తలేరు. పిలువని కూడు గొంతుల దిగదు" అంది. నా ఫొటో కోసం ఒక మనిషి చచ్చిపోబోతోందని అప్పుడు అర్థమై, గబగబా తాడు తీసి అవ్వను తలనుంచి పాదాల దాకా కొలిచాను.

మోపు కట్టడానికి ఊరంతా వచ్చింది. అవ్వ నా పక్కనే నిలబడి పురమాయింపులు చేస్తోంది, ఎవరూ వినడం లేదు. దాంతో నేను నోరు అరువిచ్చాను. "మోపు మరీ సన్నగా ఉందంటోంది" అన్నాను గాలిలోకి. ఇంకో నాలుగు కట్టెలు వచ్చి చేరాయి. కొడుకు మోపు మీద ఒక చీర కప్పాడు. "ఓరి నీ పాడుగాను, అది కొత్తదిరా!" అని అరిచింది అవ్వ. "కొత్తదట" అన్నాను. అతను ఎటూ చూడకుండా లోపలికి వెళ్ళి చిరుగుల చీర తెచ్చాడు.

మోపును గుంతలోకి దించి పైన నిప్పు పెట్టగానే ఆడవాళ్ళు ఏడుపు పాట ఎత్తుకున్నారు. ఐదుగురిని కన్న తల్లీ, అని మొదలుపెట్టారు. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా ఉంది. "ఏడుగురని చెప్పు బిడ్డా. ఇద్దరు పురిట్లనే పోయిన్రు. ఆళ్ళను ఇడిసిపెడతరా?" ఆ మాట అందరికీ వినపడేలా చెప్పాను. పాట ఒక్క క్షణం ఆగింది. తర్వాత, ఏడుగురిని కన్న తల్లీ, అని మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు. కొడుకు మాత్రం గుంతలో కట్టె మీద కట్టె వేస్తూనే ఉన్నాడు.

గుంత నిండా ఎర్రటి నిప్పు అయ్యాక, బూడిద పొర తేలుతుండగా, బిందెలకొద్దీ నీళ్ళు కుమ్మరించాం. బుస్సుమని తెల్లటి ఆవిరి లేచి మనుషులందరినీ మింగేసింది. ఎవరెక్కడున్నారో తెలియలేదు. పక్కన అవ్వ చెయ్యి కూడా జారిపోయింది. ఆ తెలుపులో చేతులతో తడుముకుంటూ నిలబడ్డాను. ఎంతసేపటికో కొడుకు గొంతు వినపడింది.

"అవ్వా, తిన్నవా?"

"నువ్వు పిలిస్తే గదరా తినేది!" అంది అవ్వ, ఎక్కడినుంచో, మహా కోపంగా.

ఆవిరి విడిపోయేసరికి ఇద్దరూ గట్టుమీద కూర్చుని ఉన్నారు, అతను ఆమెకు జావ తాగిస్తూ. నేను టోపీ మొహం మీదికి లాక్కుని, పొగకు కళ్ళు మండుతున్నాయని అడగనివాళ్ళకు కూడా చెప్పాను. సరిగ్గా కాల్చిన గుంతకు పొగే రాదని ఊరూరా తిరిగి పాఠం చెప్పిన పిల్లను మరి! నా అబద్ధం అక్కడున్న తాతలందరికీ తెలుసు. ఎప్పటిలాగే మర్యాదగా తలలూపి ఊరుకున్నారు.