వెండెల్ నడుముకి శిలాఫలకం

వెండెల్‌కి నడుంనొప్పి తగ్గిపోయి పదేళ్ళు దాటింది. ఈ సంగతి బుడాపెస్ట్ మొత్తమ్మీద ముగ్గురికే తెలుసు. నాలుగోవాళ్ళకి తెలిస్తే అతని బతుకు బజార్న పడ్డట్టే.

మొదట్లో నొప్పి నిజమైనదే, అబద్ధమెందుకు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ట్రాము నడిపిన నడుం అది. పింఛనుకొచ్చేసరికి వంగితే లేవనని, లేస్తే వంగనని మొరాయించింది. డాక్టరు చీటీ రాసి బుడా ఒడ్డున ఉన్న వేడినీళ్ళ బుగ్గకి పంపాడు. ఎప్పుడో తురుష్కులు కట్టిన గుమ్మటం, దాని కింద ఎనిమిది మూలల రాతి తొట్టి, కుళ్ళిన కోడిగుడ్ల కంపు కొట్టే నీళ్ళు. రెండు చలికాలాలు అందులో నానాడు. ఒకరోజు పొద్దున్న బూటు తాడు ముడేసుకుని లేచి నిలబడ్డాక గానీ తట్టలేదు, ఎక్కడా కలుక్కుమనలేదని. ఇంకొకరైతే చర్చికెళ్ళి కొవ్వొత్తి వెలిగించేవారు. వెండెల్‌కి చెమటలు పట్టాయి.

ఎందుకంటే నొప్పి ఉంటేనే చీటీ, చీటీ ఉంటేనే నీళ్ళు. చీటీ లేనివాడు విదేశీ యాత్రికులతోపాటు వరసలో నిలబడి టికెట్టు కొనుక్కోవాలి. ఆ రేట్ల బోర్డు చూసి పింఛనుదార్లు గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు.

పోతే పోనీ, ఇంట్లో పంపు లేదా అనొచ్చు. ఉంది. పంపుంది, రేడియో ఉంది, రాత్రీ పగలూ మూలిగే ఫ్రిజ్జుంది. భార్య మాత్రం ఎప్పుడో ఒక పళ్ళ డాక్టరుని చేసుకుని పేచ్ పట్నం వెళ్ళిపోయింది. బుగ్గలో అలా కాదు. రాతి సింహం నోట్లోంచి నీళ్ళు పడే మూల వెండెల్‌ది. ఎడమపక్క బోదోగ్, కుడిపక్క ఎటెల్కా. ముగ్గురూ మెడదాకా మునిగి కూర్చుని, పొద్దున్నే ఊళ్ళోవాళ్ళందరినీ ఉతికి ఆరేసేవారు. వెండెల్ ప్రాణం మొత్తం ఆ కుడిపక్కనే ఉండేది.

బోదోగ్ మాంసం కొట్టు నడిపి మానేసినవాడు. ఆ పేరుకి సంతోషమని అర్థం. పిల్లాడి మొహం చూడకుండానే పెట్టేసి ఉంటారు. ఎటెల్కా ఒపేరాలో లావుపాటి గాయకుల పొట్టలు పట్టే కోట్లు కుట్టి రిటైరయింది. పసుపుపచ్చ రబ్బరు టోపీ, దాని మీద రబ్బరు పువ్వులు, దాని కింద ఎవరినీ వదలని నోరు. బోదోగ్‌ని మూడోరోజే నువ్వు అనేసింది, కసాయివాడితో మర్యాదలేంటని. వెండెల్‌ని మాత్రం ఇన్నేళ్ళూ మీరు అనే అంటోంది. ఇక్కడ ఆ ‘నువ్వు’ ముందు ఆడమనిషి నోటి నుంచే రావాలి, మగాడు తనంతట తాను అనేస్తే మొరటువాడి కింద లెక్క. వెండెల్ మొరటువాడు కాదు. అదే అతని ఖర్మ.

ఆవిడ కథల్లో వెండెల్‌కి బాగా నచ్చినది సమాధి కథ. మొగుడు పోయినప్పుడు, అందరూ చేయించినట్టే, రాయి మీద మొగుడి పేరు కింద ఆవిడ పేరూ, పుట్టిన ఏడూ కూడా చెక్కించేశారు. రాతిపని చేసిన అతి తెలివిగలవాడు, చావు ఏడుకి కావలసిన పందొమ్మిది అంకె కూడా ముందే చెక్కి, మిగతా రెండంకెలకి చోటొదిలాడు. ఎటెల్కా ఆ చోటు నింపకుండానే కొత్త శతాబ్దంలోకి దర్జాగా నడిచొచ్చేసింది. ఇక తప్పక రాయి మార్పించారు.

“ఆ చెక్కినవాడు ఎక్కడ కనపడ్డా మొహం మాడ్చుకునేవాడండీ,” అనేది ఆవిడ. “పెళ్ళి ముహూర్తానికి రాకుండా ఎగ్గొట్టినదాన్ని చూసినట్టు చూసేవాడు.”

“మరి పాత రాయి ఏం చేశారు?” అని తెలిసీ అడిగేవాడు వెండెల్.

“నా పేరున్న ముక్క కోయించి తెచ్చుకున్నా. బాల్కనీలో ఊరగాయ కాబేజీ పీపా మీద బరువుకి పెట్టా. నా చావు ఏ కాబేజీకైనా పనికిరావాలిగా!”

బోదోగ్ కూడా నవ్వేవాడు. వాడు నవ్వడమంటే మాటలు కాదు.

ఇలా సాగిపోతుండగా బుగ్గకి కొత్త డాక్టరమ్మ వచ్చింది. పేరు సెండ్రెయి. చిన్న వయసు, మెత్తటి మాట, సూదిలాంటి చూపు. అంతకుముందున్న ముసలి డాక్టరు రోగిని చూడకుండానే సంతకం పెట్టేవాడు, పాపం మంచివాడు. ఈవిడ అందరినీ పడుకోబెట్టి, వంచి, నొక్కి చూస్తోందని నీళ్ళల్లో గగ్గోలు పుట్టింది. వెండెల్ వంతు అక్టోబరు చివర్లో వచ్చింది.

బోదోగ్ నీళ్ళల్లోనే శిక్షణ మొదలెట్టాడు.

“వంగు. ఇప్పుడు మూలుగు. అబ్బే, ఒరేయ్, అది మూలుగా? అన్నం ఎక్కువై తేన్చినట్టుంది.”

వెండెల్ మళ్ళీ మూలిగాడు.

“ఇప్పుడు మరీ పందిని కోసినట్టుంది. నాకు కొట్టు గుర్తొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. మధ్యస్తంగా ఏడు.”

“కుంటడం మాత్రం బాగా వచ్చింది మీకు,” అంది ఎటెల్కా. “ఒపేరాలో కూడా ఇంత బాగా కుంటినవాణ్ణి చూళ్ళేదు. ఒక్క చిక్కుంది వెండెల్ గారూ, నొప్పి నడుములో కదా, కాలు ఎందుకు కుంటుతున్నారు?”

దాని గురించి ఎవరూ ఆలోచించలేదు.

పరీక్షకి రెండ్రోజుల ముందు వెండెల్ పేరు పండగ వచ్చింది. క్యాలెండర్లో ఒక్కో పేరుకీ ఒక్కో రోజుంటుంది. పుట్టినరోజు మరిచిపోతే క్షమిస్తారేమో గానీ పేరు రోజు మరిస్తే మొహం చూడరు. బోదోగ్, ఎటెల్కా కలిసి అతని రెండు చేతులూ పట్టుకుని బుగ్గ పెరట్లోకి లాక్కెళ్ళారు. అక్కడ పెద్ద చెట్ల కింద ఒక పొడుగాటి గోడ ఉంది. ఈ నీళ్ళ వల్ల రోగం కుదిరినవాళ్ళు వందేళ్ళకి పైగా దాని మీద పాలరాతి ఫలకాలు పెట్టించుకుంటున్నారు. నా వాతం పోయింది, నా కీళ్ళు కదిలాయి, దేవుడికీ నీళ్ళకీ కృతజ్ఞతలు అని. మంచి చోట్లన్నీ జమీందార్లూ బిషప్పులూ ఎప్పుడో ఆక్రమించేశారు. అన్నిటికంటే కింద, నీళ్ళు పోయే తూము పక్కన, కొత్తగా ఒక ఫలకం మెరుస్తోంది.

“వంగిన నడుముని నిలబెట్టిన ఈ నీళ్ళకి, కృతజ్ఞతతో. బొగ్నార్ వెండెల్, ట్రాము డ్రైవరు.”

“మా బావమరిది చెక్కాడు,” అన్నాడు బోదోగ్ ఛాతీ విరిచి. “ఆఫీసులో అనుమతి నేనే సాధించా. ఆలోచన ఈవిడది.”

“గోడ నిండా దొరలే ఉన్నారు,” అంది ఎటెల్కా. “వీళ్ళందర్నీ ఊరంతా తిప్పినవాడి పేరు ఒక్కటీ లేదు. నాకు ఒళ్ళు మండింది. ఎలా ఉంది?”

వెండెల్ గుండె జారి తూములో పడింది. డాక్టరమ్మ గదికి దారి ఈ పెరట్లోంచే. రోజూ రెండు పూటలా ఈ గోడ పక్కనుంచే నడుస్తుంది ఆవిడ. కానీ రబ్బరు టోపీ కింద ఎటెల్కా మొహం చిన్నపిల్ల మొహంలా వెలిగిపోతోంది. ఆ మొహానికి ఎదురుగా నిలబడి కొంప ముంచావమ్మా అని ఎలా అంటాడు?

“బా... బాగుందండి,” అని నీళ్ళు నమిలాడు.

పరీక్ష రోజున కుంటుకుంటూనే వెళ్ళాడు. డాక్టరమ్మ కాగితాల్లోంచి తలెత్తలేదు.

“వంగండి బాబాయ్.”

వంగి, మధ్యస్తంగా మూలిగాడు.

“చాలా నొప్పా?”

“ఏం చెప్పమంటావమ్మా! రాత్రిళ్ళు నిద్రుండదు.”

“అయ్యో. మరి పెరట్లో మీ రాయి చదివాను. చక్కటి మాటలు.” అప్పుడు తలెత్తింది. “చూడండి బాబాయ్, రాయైనా అబద్ధం అయ్యుండాలి, మూలుగైనా అబద్ధం అయ్యుండాలి. రాయి అబద్ధమైతే అది గోడ మీద ఉండకూడదు, రేపటికల్లా తీయించేయండి, చీటీ రాసిస్తాను. మూలుగు అబద్ధమైతే సంతోషం, ఆరోగ్యంగా ఇంటికెళ్ళండి. రేపు వచ్చి ఏదో ఒకటి చెప్పండి.”

వెండెల్ నిలువునా నీరుగారిపోయి వెళ్ళి నీళ్ళల్లో కూలబడ్డాడు. జరిగింది చెప్పాడు.

“ఓస్, ఇంతేనా?” అన్నాడు బోదోగ్. “నాలుగు బోల్టులు. తీసి పారెయ్. మా బావమరిది ఏం అనుకోడు, వాడి పనే చచ్చినవాళ్ళతో.”

వెండెల్ కుడిపక్కకి తిరిగాడు. “ఎటెల్కా గారూ, మీరేమంటారు?”

“నన్నడుగుతారేంటి? తీసెయ్యండి. రాయిదేముంది,” అంది ఎటెల్కా. తర్వాత, ఇంకా సగం పూట మిగిలుండగానే, చలేస్తోందని లేచి వెళ్ళిపోయింది. ఆ నీళ్ళల్లో చలేసిన మనిషిని వెండెల్ అంతకుముందు చూడలేదు.

మధ్యాహ్నం, ట్రాము రోజులనాటి పానా జేబులో వేసుకుని పెరట్లోకొచ్చాడు. ఫలకం బొత్తిగా నేలబారున ఉంది, మోకాళ్ళ మీద కూర్చుంటే గానీ అందదు. తడి రాళ్ళు, పైగా అక్టోబరు చలి. తుప్పు పట్టని కొత్త బోల్టులైనా, బోదోగ్ వాటిని ఎద్దుని కట్టేసినంత గట్టిగా బిగించాడు. తిట్టుకుంటూ పైన రెండూ విప్పాడు. రాయి ముందుకి వాలింది. వెనకనుంచి పుల్లటి వాసన గుప్పుమంది.

కాబేజీ వాసన.

మెడ వంచి వెనక్కి చూశాడు. నునుపు చెయ్యని ఆ పక్కన, పాత చెక్కుడు పచ్చగా నానిపోయి ఉంది. ‘భార్య ఎటెల్కా, 1934 – 19’. ఆ తర్వాత రెండంకెలు పట్టేంత ఖాళీ చోటు.

వెండెల్ ఏడ్చాడు. అందులో మధ్యస్తం ఏమీ లేదు. బోదోగ్ నేర్పిన మూలుగుల్లాంటిది కాదు అది, లోపల్నుంచి తన్నుకొచ్చింది. ఇన్నేళ్ళలో అతనికోసం ఎవరూ బటను కూడా కుట్టలేదు. ఈవిడ తన సమాధి రాయి తిప్పి, అతని నడుముకి రాసిచ్చింది. చాలాసేపు అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయాడు. దారిన పోయే యాత్రికులు, ఎవరో మహాభక్తుడనుకుని, పక్కకి తప్పుకుని నడిచారు. చివరికి రాయిని గోడకి నొక్కి, బోల్టులు బోదోగ్‌కంటే గట్టిగా బిగించాడు.

మర్నాడు డాక్టరమ్మ గదిలోకి కుంటకుండా వెళ్ళాలనుకున్నాడు గానీ, కుంటక తప్పలేదు. పొద్దున్నుంచీ కుడికాలు మాట వినడం లేదు.

“రాయి నిజమమ్మా,” అన్నాడు గుమ్మంలోంచే. “నడుం బంగారంలా ఉంది. పదేళ్ళయింది. మూలుగే అబద్ధం. చీటీ వద్దు.”

డాక్టరమ్మ అతని కాలి వంక చూసింది. “మరి ఈ కుంటుడేంటి? అలవాటైపోయిందా?”

“ఇదా... ఇది వేరే.” వెనక్కి తిరగబోయాడు. మోకాలు ఒక్కసారిగా మెలిపెట్టింది. “అమ్మో! చచ్చాన్రా దేవుడో!”

ఆ కేక నడవా అంతా వినపడింది. ఇన్నేళ్ళలో ఆ గదిలో అతను పెట్టిన మొదటి నిజమైన కేక అదే. డాక్టరమ్మ ప్యాంటు పైకి మడిచి చూసింది. మోకాలు ఉడకబెట్టిన బీటు దుంపలా వాచి, ఎర్రగా నిగనిగలాడుతోంది.

“ఎక్కడ తగిలించుకున్నారు బాబాయ్?”

“ఎక్కడా లేదమ్మా. తడి రాళ్ళ మీద... కొంచెంసేపు మోకరించాను.”

“దేనికి? ప్రార్థనా?”

“దాదాపు అంతే.”

ఆవిడ చీటీ మీద నడుం అన్నచోట కొట్టేసి, మోకాలు అని రాసింది. చేతికిస్తూ అంది, “ఇది తగ్గితే మాత్రం దయచేసి గోడకి చెప్పకండి.”

మోకాలి వాపు కాస్త తీశాక వెండెల్ నీళ్ళల్లోకి దిగాడు. సింహం మూలలో అతని చోటు అలాగే ఖాళీగా ఉంది. బోదోగ్ ఎడమపక్కకి జరిగి, మొహం కందగడ్డలా పెట్టుకుని, “వచ్చావా కుంటోడా!” అన్నాడు. ఎటెల్కా మాత్రం టోపీ మీది రబ్బరు పువ్వొకటి సర్దుకుంది.



“ఎటెల్కా గారూ,” అన్నాడు వెండెల్, నీళ్ళకేసి చూస్తూ. “ఈ ఏడు మీ కాబేజీ ఎలా ఊరింది?”

“కుళ్ళిపోయింది. బరువు చాల్లేదు.”

“మీరు నాకు ముందే చెప్పాల్సిందండీ. దాన్ని తీసి పారేసేవాణ్ణి. మీరు...”

ఎటెల్కా అతని వైపు పూర్తిగా తిరిగింది.

“నా సమాధి రాయి మీద నీ పేరు చెక్కించాను,” అంది. “ఇంకా ఈ ‘మీరు’ ఏంటయ్యా?”

బోదోగ్ ఊపిరి బిగబట్టి తలదాకా నీళ్ళల్లో మునిగిపోయాడు. వాడు జీవితంలో చేసిన మర్యాద పని అదొక్కటే.

వెండెల్ నోరు తెరిచాడు. సింహం నోటి నీళ్ళు సగం అందులోకే పోయాయి. దగ్గాడు, తుడుచుకున్నాడు, మళ్ళీ తెరిచాడు.

“నువ్వు,” అన్నాడు. ఆ పూటకి అంతకంటే ఇంకేమీ అనలేకపోయాడు.