మేక మేసిన బౌండరీ

మా ఆయన ఉద్యోగాన్ని ఒక మేక మేయబోయింది. నవ్వకండి! దానికి మేత వేసింది నేనే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో సంగతి. అంతకుముందు మా ఆయన మద్రాసులో ఒక మిల్లు వాళ్ల క్రికెట్ టీములో జీతానికి ఆడేవాడు. బౌండరీ దగ్గర ఫీల్డరు. ఆయన బంతి వెనక పరుగెత్తితే పక్కరోడ్డులో ట్రాము వెనకబడేది! మోకాలు దెబ్బతినింది, ఆట పోయింది, ప్రొద్దుటూరు చేరినాము. ఇక్కడి క్లబ్బు పెద్ద శెట్టిగారు మగ్గాల కుర్రోళ్ల టీమును ఆయన చేతిలో పెట్టి, "నెల్లాళ్లు మేనేజరుగా చూడప్పా. జమ్మలమడుగోళ్ల మీద గెలిస్తే ఉద్యోగం నీది. లేకుంటే పులివెందులకు పోయి మీ మామ చేన్లో చెనిక్కాయలు పెరుక్కో" అన్నాడు.

మ్యాచ్ రోజు పొద్దున మా ఆయన నాకు బుట్టెడు సున్నం ఇచ్చినాడు. "ఏమే, ముగ్గులు బాగా వేస్తావు గదా, బౌండరీ గీత వెయ్యి."

పోయి చూస్తే మావోళ్లందరూ వట్టికాళ్లతో ఉండారు. సున్నం తొక్కితే కాళ్లు పొక్కవా? నాకు మనసొప్పలేదు. ఇంటికి పోయి బియ్యప్పిండి తెచ్చి వేసినాను. ఎంత పిండి? నాలుగు పెళ్లిళ్లకు అరిసెలు చేసేంత! ఆకాశంలో పోయే కొంగలు కూడా ఆగి చూసినాయి.

ఆగి చూసింది కొంగలే కాదని సాయంత్రం తెలిసింది.

జమ్మలమడుగు ఆఖరి జోడీ ఆడతాండాది. వాళ్లకు ఇంకా ఐదు పరుగులు కావాల. వాళ్ల కెప్టెన్ మస్తాన్ కొట్టినాడు చూడండి, ఆ బంతి సింహాద్రిపురం దాకా పోయి ఊరు చూసి వచ్చింది! మా ఓబులేసు వెనక్కి వెనక్కి పోయి పట్టేసినాడు. గీత లోపల పట్టింటే మేం గెలిచినట్టు. దాటి పట్టింటే సిక్సరు, వాళ్లు గెలిచినట్టు.

అంపైరుగా ఉన్న డ్రిల్లు మాస్టరు పరుగెత్తుకొచ్చి, వంగి వంగి వెతికి, "గీత యాడప్పా?" అన్నాడు.

"ఆడుంది సార్!" అని మస్తాన్ చూపించినాడు.

మేక. మూతంతా తెల్లగా! దాని వెనక ఇంకో రెండు నూర్లు. సరే, నిజం చెప్తే నాలుగే.

మా ఆయన నా దిక్కు తిరిగినాడు. "ఏమే, వేసింది సున్నమేనా?"

"బియ్యప్పిండి. పిల్లోళ్ల కాళ్లు పొక్కుతాయని..."

మ్యాచ్ రద్దు. వచ్చే ఆదివారం మళ్లీ ఆడాల. శెట్టిగారు మొహం ముడుచుకొని, "గెలవలేదు గదప్పా" అంటాంటే మస్తానే అడ్డం వచ్చినాడు.

"ఓడలేదు గదా శెట్టిగారూ! పోయినేడు మీవోళ్లు మధ్యాన్నానికే చాప చుట్టేసినారు. ఈ మేనేజరు మామ నేర్పినంక ఈ పొద్దు మాకు చెమట్లు పట్టినాయి. మీకు వద్దంటే చెప్పండి, మా ఊరికి పిలుచుకొని పోతాం."

పక్కూరోడు అడిగితే శెట్టిగారు వదుల్తాడా? ఆ నిమిషమే ఉద్యోగం ఖాయం!

ఆదివారం గీత మా ఆయనే వేసుకున్నాడు, సున్నంతో. కుర్రోళ్లకు యాడనుంచో పాత బూట్లు తెచ్చినాడు. నా చేతికి కట్టె ఇచ్చి బౌండరీ దగ్గర నిలబెట్టి, "ఒక్క మేకను గూడా రానీయొద్దు" అన్నాడు. ఆయనేమో మేనేజరు, ఆయన వదిలేసిన ఫీల్డరు పోస్టు నాకు!

మావోళ్లు గెలిచినారంట. 'అంట' అని ఎందుకంటాండానంటే, నేను చూడలేదు. ఆ తెల్లమూతి మేకను తరుముతా తరుముతా పెన్న ఇసకలోకి పోయినాను. రొప్పుకుంటా తిరిగొచ్చి చూస్తే, అది నాకంటే ముందే వచ్చి, శెట్టిగారి కుర్చీ పక్కన పండుకొని మ్యాచ్ చూస్తాండాది.