పునాదిరాయికి కాపలా

దబ్బాకు నలిపిన మజ్జిగ వాసన తగిలితే చాలు, నాకు యేసురత్నం మాస్టారు గుర్తొస్తారు. మొన్న మా వీధి మలుపులో నిఘా కెమెరా బిగించడానికి వచ్చినాయనకు మా కోడలు అదే మజ్జిగ ఇచ్చింది. ఆయన గటగటా తాగుతుంటే నాకు నవ్వాగలేదు. ఒకప్పుడు బందరులో ఆ కెమెరా చేసే పని నేను చేశాను మరి.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో నేను కొత్త కానిస్టేబుల్‌ని. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. రిటైరైన మాస్టారు తన అరుగు మీద కూర్చుని, అడిగినవాళ్ళందరికీ కలెక్టరు గారి పేర అర్జీలు రాసిపెట్టేవారు. అందుకే ప్రభుత్వానికి ఆయన మీద అనుమానం. ఇంగ్లీషు నేర్చుకునే వంకతో వెళ్ళి కనిపెట్టి ఉండమని మా ఇన్‌స్పెక్టరు నన్ను పంపాడు. పంచె కట్టి, తల దువ్వుకుని, మహా తెలివిగా బయల్దేరాను.

"కూర్చో నాయనా. పంచె కిందకి పోలీసు బూట్లేంటి?" అన్నారు మాస్టారు, మజ్జిగ గ్లాసు అందిస్తూ.

చచ్చాన్రా బాబూ అనుకున్నాను. ఆయన మాత్రం మర్నాడు నా మొదటి రిపోర్టు అడిగి తీసుకుని, ఎర్ర సిరాతో దిద్దడం మొదలుపెట్టారు. "'అనుమానాస్పదంగా కాఫీ తాగెను' అని రాశావు. అనుమానాస్పదంగా ఎలా తాగుతారయ్యా? చూసింది రాయి, చాలు." ఆ రోజు నుంచి ఆయన మీద నేను రాసే ప్రతి రిపోర్టూ ఆయనే దిద్దేవారు. నా రాత బాగుపడిందని ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నాడు కూడా!

ఇంతలో ఎన్నికలొచ్చాయి. దివిసీమలో ఒక పాయ మీద వంతెనకు మంత్రిగారు శంకుస్థాపన చేస్తారని తెలిసి మాస్టారు పడవెక్కారు. వెనకాలే నేనూ ఎక్కాను. "వంతెన మీది, ప్రభుత్వం మీది, నేనూ మీవాణ్ణే!" అని మంత్రిగారు చేతులు చాచేసరికి చప్పట్లు మోగిపోయాయి. అప్పుడు లేచారు మాస్టారు. "అయ్యా, కిందటి ఎన్నికలప్పుడు వేసిన రాయి అదుగోనండి, మేక ఎక్కి నిలబడింది. ఇప్పుడు వేసేది దానికి తోడా అండీ?" జనం కడుపుబ్బ నవ్వారు. నేనూ నవ్వేశాను.

మర్నాడు ఇన్‌స్పెక్టరు, "జనాన్ని రెచ్చగొట్టాడని రాయి, లోపలేద్దాం. నవ్వినవాళ్ళ పేర్లూ కావాలి. రాశావా, నీ ఉద్యోగం పర్మినెంటు. లేదా, ఇంటికే," అన్నాడు. ఇంట్లో మా ఆవిడ నెలలు నిండి ఉంది. కాళ్ళీడ్చుకుంటూ అరుగు దగ్గరికి వెళ్ళి ఉన్నమాట చెప్పేశాను. మాస్టారు ఎర్ర సిరా బుడ్డికి మూత బిగించేశారు.

"ఇది నేను దిద్దకూడదు నాయనా. నీ ఇంటి సంగతి నాకు తెలుసు. నీకేది తోస్తే అది రాసుకో. నీ మీద నాకేం కోపం రాదు."

తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చేసింది. అక్కడే కూర్చుని రాశాను: 'ఒక ప్రశ్న అడిగారు. జనం నవ్వారు.' నవ్వినవాళ్ళ జాబితాలో మొదటి పేరు నాదే రాశాను. రెండో పేరు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పోలీసు పేరే ఉన్న ఆ కాగితాన్ని పైకి పంపలేక ఇన్‌స్పెక్టరు చింపేశాడు. మాస్టారి జోలికి ఎవరూ పోలేదు. నన్ను మాత్రం ఆ పాయ ఒడ్డున కొత్త పునాదిరాయికి కాపలా వేశారు. రోజూ డ్యూటీ పుస్తకంలో ఒకటే రాసేవాణ్ణి: 'రాయి ఉంది. వంతెన లేదు.' ఓ మధ్యాహ్నం మాస్టారు మజ్జిగ చెంబుతో పడవ దిగారు. ఎర్ర కలం తీసి, పుస్తకంలో పేజీలన్నీ తిప్పారు. దిద్దడానికి ఏమీ దొరకలేదు. కలం జేబులో పెట్టుకుని, చెంబు నా చేతికిచ్చారు.

ఇప్పటికీ ఎవరి గురించైనా నోరు తెరవబోతే 'నువ్వు చూశావా?' అని ఆయన అడుగుతున్నట్టే ఉంటుంది. కెమెరా బిగించినాయన నిచ్చెన దిగి, "ఇక అన్నీ ఇదే చూసుకుంటుంది తాతగారూ," అన్నాడు.

"దీనికీ నవ్వొస్తే, ముందు తన పేరు రాసుకుంటుందా నాయనా?"

ఆయనకేమీ అర్థం కాలేదు. ఇంకో గ్లాసు మజ్జిగ పోశాను.