కొండ మీద మామూలు పెట్రోలు

మా మామ పోయారు. మా ఆయన తండ్రి. పొద్దున నేను పాలు పితికి లోపలికి వచ్చేలోగా పోయారు. ఆ సంగతి నాలుగు మాటల్లో రాయాలని కూర్చుంటే ఇన్నాళ్ళు పట్టింది. చదివేవాళ్ళు ముందుగా నా రాతను మన్నించాలి. బాగేపల్లి పక్క మా పుట్టింటి ఊరి బడిలో నేను నేర్చుకున్నది కన్నడం, అదీ ఐదో తరగతి వరకే. తెలుగు అక్షరాలు మా అవ్వ నేల మీద ముగ్గుపిండితో దిద్దించింది. అందుకని మధ్యమధ్యలో కన్నడ అక్షరం దూరుతుంది, వరుస వంకర పోతుంది. తప్పులు సర్దుకుని చదవండి.

నేను మెట్టిన ఊరు మండికల్. మా ఇళ్ళలో కోడలు మామ ఎదుట నిలబడి మాట్లాడదు. మామ కూడా కోడలిని పేరు పెట్టి పిలవరు. అత్త ఉన్న ఇంట్లో మాటలు అత్త మీదుగా నడుస్తాయి. నేను కాపురానికి వచ్చేసరికే మా అత్త లేదు. మా ఆయన చిన్న ట్రక్కులో చింతామణి మార్కెట్ నుంచి టమాటాలు ఊటీకి వేసుకుపోయి, అక్కడి నుంచి క్యారెట్లు తెస్తారు. వారంలో సగానికి పైగా ఇంట్లో ఉండరు. మిగిలేది మామ, నేను, కొట్టంలో ఎర్రావు. అందుకని మామ నాతో చెప్పాల్సినవన్నీ ఆవుతో చెప్పేవారు.

"ఏమే ఎర్రావూ, ఈ పొద్దు సంగటికి ఏం చారో కనుక్కో," అనేవారు. నేను వంటింటి తలుపు వెనక నుంచి, "ఉలవచారు," అని ఆవుకే చెప్పినట్టు చెప్పేదాన్ని. ఒకసారి చారులో ఉప్పు ఎక్కువైంది. మామ అంతా తిని, చెయ్యి కడుక్కుని, కొట్టం దగ్గర నిలబడి, "రేపు నీకు ఉప్పు పెట్టే పని లేదులేవే. నీ వంతు కూడా నేనే తినేసినా," అన్నారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆ నవ్వు ఆయనకు వినపడిందనుకుంటాను. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, అవసరం లేకపోయినా రెండుసార్లు దగ్గి వెళ్ళిపోయారు.

మామ వయసులో ఉన్నప్పుడు ఒక కాంట్రాక్టరు దగ్గర మంచుకొండల్లో పెట్రోలుతో నడిచే ట్రక్కు తోలారు. ఆ పని వదిలేసి ఎన్ని ఏండ్లైనా చెవి మాత్రం బండిలోనే ఉండేది. అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చుని, రోడ్డు మీద పోయే బండి ఏ గేరులో ఉందో చెప్పేవారు. "రెండులో పోవల్సినోడు మూడులో పోతాండాడు చూడే. ఇంజను ఏడుస్తాంటే వినపడదా వీనికి," అనేవారు. వినడానికి ఆవు, నేను తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఇంట్లో ఏ బిందె కారుతున్నా, ఏ తలుపు కీచుమన్నా మొదట చెవి పెట్టి విని, తరువాతే చెయ్యి వేసేవారు. మంచుకొండలు ఆయనకు ఇచ్చిన ఇంకొకటి ఆయాసం. చలికాలంలో అరుగు నుంచి కొట్టం దాకా నడవాలన్నా నడుమ ఒకసారి ఆగాల్సిందే.

తండ్రీ కొడుకుల మధ్య మాట ఆగిపోయింది పెట్రోలు దగ్గర. వింటే నవ్వు వస్తుంది, కానీ ఇంట్లో ఉన్నదాన్ని నాకు నవ్వు రాలేదు.

ఒక పండగ రోజు చింతామణి మార్కెట్‌కు బండ్లు తోలే నలుగురు మా ఇంటికి వచ్చారు. అరుగు మీద కాఫీలు తాగుతున్నారు. మా ఆయన తండ్రితో, "ఊటీ ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు బండి లాగల్యా అప్పా. బంకులో అడిగితే పెద్ద నంబరు పెట్రోలు పోయించుకో అన్నారు. తొంబై ఒకటి వదిలేసి తొంబై ఐదు పోయిస్తాండా. కొండకు బలమైంది కావల్ల కదా," అన్నారు.

మామ పడీపడీ నవ్వారు. "పెద్ద నంబరా? ఎక్కేదానికి పెద్ద నంబరైతే దిగేదానికి చిన్న నంబరు పోయించుకోరా. కొండ నడుమ ఉంటే నడిమి నంబరు."

వచ్చినవాళ్ళూ నవ్వారు. అక్కడితో పోయినా బాగుండేది. మరుసటి వారం నుంచి మార్కెట్‌లో మా ఆయన పేరే మారిపోయింది. "ఏం తొంబై ఐదూ, టమాటా ఎక్కిచ్చినావా?" అని ఒకరు, "తొంబై ఐదప్పకు దారి ఇడవండప్పా, బలమైన బండి," అని ఒకరు. మా ఆయన మాటకు మాట చెప్పే మనిషి కాదు. ఇంటికి వచ్చి చెప్పులు విడిచి, తండ్రి ముందు నుంచే నడిచి లోపలికి వచ్చి, "ఆయప్పకు చెప్పు, ఇంగ నా బండి సంగతి మాట్లాడొద్దని," అన్నారు. ఆ రోజు నుంచి తండ్రితో మాట లేదు. పంతానికి తొంబై ఐదే పోయిస్తూ వచ్చారు.

మామ ఆవుతో చెప్పేవారు. మా ఆయన నాతో చెప్పేవారు. "నీళ్ళ మోటరు కాలిపోయిండాదని చెప్పు." "ఎర్రావూ, మోటరు బాగు చేసేవాడు రేపు వస్తాడంట." ఇద్దరి మాటలూ నా మీదుగా పోయేవి, ఒక్క మాటా నాకోసం ఉండేది కాదు. మా ఆయన బండి వేసుకుని వెళ్ళాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, పొయ్యి మీద ఎసరు కాగే చప్పుడు వింటూ కూర్చునేదాన్ని. ఎవరికి చెప్పుకోను? అమ్మకు ఫోన్ చేసి బాగున్నామనే చెప్పేదాన్ని.

ఈ వానల్లో మామకు ఆయాసం ఎక్కువై మంచం పట్టారు. చిక్కబళ్ళాపురలో డాక్టరుకు చూపించి మందులు తెచ్చాం. మా ఆయన మనసు ఒప్పకనే బండి తీశారు. రెండో రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆ గొంతు వింటేనే భయం వేసింది.

"ఘాటులో సగం దూరం ఎక్కినా. ఇంజను టకటక కొడతాండాది, లాగల్యా. పెట్రోలు అయిపోవస్తాండాది. ఈడ బంకులో తొంబై ఐదు లేదు, మామూలుదే ఉండాది. ఇది పోయిస్తే ఇంజను పోతుందేమో. వాన పడతాండాది, బండి నిండా సరుకు." కొంచెం ఆగి, "ఆయప్పను అడుగు. నేనడిగినానని చెప్పొద్దు," అన్నారు.

మామ లోపలి గదిలో మంచం మీద ఉన్నారు. ఆవు కొట్టంలో ఉంది. మధ్యలో ఎవరూ లేరు. నేను ఫోన్ పట్టుకుని గడప దగ్గర నిలబడ్డాను. తలుపు వెనక్కి పోవాలనే అనిపించింది. కొంగు తల మీదికి లాక్కుని, "మామా," అన్నాను.

ఆయన ఉలిక్కిపడి చూశారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో నా మొహం నేరుగా చూడడం అదే మొదలు. వెంటనే కళ్ళు దించుకున్నారు. నేను సంగతి చెప్పాను. నేల చూస్తూనే విన్నారు.

"బండి పెట్రోలు మూత లోపల ఏం నంబరు వేసిండారు?" అని అడిగారు. ఆవును కాదు, నన్ను.

"తొంబై ఒకటి మామా. బండి కడిగేటప్పుడు చూసినా."

"అయితే అదే పోయించుకోమను. భయం లేదు. బరువుతో ఎక్కేటప్పుడు మూడులో తొక్కుతాంటాడు, అందుకే కొడతాండాది. రెండుకు దింపమను. వెనకోడు హారన్ కొడితే కొట్టుకోనీ."

ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. మా ఆయనకు ఆ మాటలు, వాటి మధ్య ఆయాసం అన్నీ వినపడ్డాయి. అయినా, "సరేనని చెప్పు," అని నాతోనే అన్నారు. మామ కూడా, "పైకి చేరినాక చెప్పమను," అని నాతోనే అన్నారు. ఇద్దరి గొంతులూ నా అరచేతిలోనే ఉన్నాయి. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు.

సాయంత్రానికి బండి పైకి చేరింది. ఆ వెనకనే వానకు ఘాటులో మన్ను జారి దారి మూసేశారు. ఎక్కిన బండ్లు పైనే ఉండిపోయాయి.

దారి మూసి ఉన్న నాలుగు రోజులూ మామ నాతో మాట్లాడారు. ఒకసారి గడప దాటిన మాట మళ్ళీ వెనక్కి పోలేదు. "అమ్మా," అని పిలిచేవారు. నేను మంచం పక్కన నేల మీద కూర్చుని ఆకుకూర వలుచుకుంటూ వినేదాన్ని. మంచుకొండల మీద అన్నం ఎంతసేపు ఉడికినా పలుకుగానే ఉండేదట. అగ్గిపుల్ల కూడా సరిగ్గా మండేది కాదట. "ఆ ఎత్తున మనిషికే కాదు, నిప్పుకు కూడా ఆయాసం అమ్మా," అన్నారు.

ఒక మధ్యాహ్నం పెట్రోలు సంగతి తన కొడుక్కి చెప్పినట్టు నాకు చెప్పారు. "నంబరంటే బలం కాదమ్మా. ఓర్పు. ఇంజను లోపల పెట్రోలును, గాలిని కలిపి అదుముతుంది. నిప్పు పడకముందే మండిపోతే టకటక కొడుతుంది. ఎంత అదిమినా నిప్పు పడేదాకా ఏది ఓర్చుకుంటాదో, దానిది పెద్ద నంబరు." ఊపిరి కోసం ఆగారు. "కొండ మీద గాలే పల్చన. పల్చన గాలిని ఎంత అదుముతుంది? అంత ఓర్పు ఆడ అక్కర్లే. బండి లాగకపోయేది గాలి చాలక. పెట్రోలు మారిస్తే గాలి వస్తుందా?" మళ్ళీ ఆగారు. "కింద ఎండల్లో, బరువు మీద టకటక కొడితే, వాడు పోయించిన పెద్ద నంబరుతో ఆ కొట్టుడు కొంచెం తగ్గింటాది. అందుకే వాడు నమ్మినాడు. వాడిది సగం సరే. ఆ పొద్దు ఆ సగం ఒప్పుకొని, మిగిలింది చెప్పి ఉండల్ల. నలుగురి ముందర నవ్వినా."

"ఫోన్ చేసిస్తాను మామా, మీరే చెప్పండి," అన్నాను.

"వద్దమ్మా. ఇంటికి రానీ. మొహం చూసి చెప్పల్ల."

రోజుకు ఎన్నిసార్లో, "దారి తెరిచినారంటనా?" అని అడిగేవారు. రోడ్డు మీద ట్రక్కు చప్పుడైతే తల ఎత్తి వినేవారు. "మనది కాదు," అని మళ్ళీ పడుకునేవారు.

దారి తెరిచారని మా ఆయన తెల్లవారుజామున ఫోన్ చేశారు. మామకు చెప్పాను. "దిగేటప్పుడు కూడా రెండులోనే దిగమను," అన్నారు. నేను చెంబు తీసుకుని పాలు పితకడానికి కొట్టానికి వెళ్ళాను. వచ్చేసరికి ఆయన తల రోడ్డు వైపు తిరిగి ఉంది. "మామా," అన్నాను. ఆ రోజు భయం లేకుండా అన్నాను, గట్టిగానే అన్నాను.

పక్కింటివాళ్ళు వచ్చి, కొడుక్కి ఫోన్ చేయమన్నారు. నేను చేయలేదు. ఆయన ఘాటు దిగుతున్నారు. మలుపుల్లో ఆ మాట ఎట్లా చెప్పను? అందరూ నన్ను చూసి గొణుక్కుంటుంటే గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆయనే ఫోన్ చేసి, "దిగేసినా. మైసూరు దారిలో ఉండా. బండి పక్కన పెట్టి టీ తాగుతాండా," అన్నాక చెప్పాను.

ఇంకొక్కటి రాసి ఆపుతాను. అది చదివాక ఈ కాగితాలు పొయ్యిలో పెట్టండి. కోడలు మామతో ఎదురుగా మాట్లాడిందని ఎవరన్నా అంటే నేను పడతాను. ఇది మాత్రం మా ఆయన సంగతి. పది మంది నోట్లో పడితే ఆయన తట్టుకోలేరు.

కర్మలు ముగిసి చుట్టాలంతా వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం మా ఆయన వాకిట్లో నిలిపిన ట్రక్కులో ఎక్కి కూర్చున్నారు. తాళం తిప్పలేదు. ఎంతసేపైనా దిగలేదు. నేను వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. "ఎక్కు," అన్నారు. ఎక్కి పక్క సీట్లో కూర్చున్నాను.

"నేను పైన ఉండినప్పుడు ఆయప్ప ఏమన్నా చెప్పినాడా? నాకు చెప్పల్ల అని?"

చెప్పినారన్నాను. మామ చెప్పినట్టే మొదటి నుంచీ చెప్పాను. నంబరంటే బలం కాదు, ఓర్పు అని. మామ ఊపిరి అందక ఆగిన చోట నేనూ ఆగాను. మీది సగం సరేనన్నదీ, నవ్వకుండా ఉండాల్సిందన్నదీ ఒక్క మాట వదలకుండా చెప్పాను. ఆయన స్టీరింగ్ మీద తల వాల్చుకుని, అద్దం వైపు కూడా చూడకుండా విన్నారు. నేను ఆగిన ప్రతిచోటా, "ఊ అప్పా," అన్నారు.