ఒంటిచేత్తో నడిపిందని పొగడకండి

మా డాక్టరమ్మ పులివెందులలో పోయిందని బస్సు కండక్టరు చెప్పాడు. ఒంట్లో జ్వరం పెట్టుకుని రోగులను చూస్తూ, కుర్చీలోనే ఒరిగిపోయిందట. ఆమెను చూడటానికి అక్కడ ఇంకో డాక్టరు లేరు. ఆ మాట విన్నప్పటినుంచి నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువగా వస్తోంది.

జమ్మలమడుగు దారిలోని ఒక సర్కారు ఆసుపత్రిలో నేను ఆమె దగ్గర నర్సుగా పనిచేశాను. చుట్టుపక్కల పల్లెలన్నింటికీ ఆమె ఒక్కతే డాక్టరు. అన్నం ముందు కూర్చున్నా చూపు వాకిలి మీదే ఉండేది. "నిదానంగా తినండమ్మా" అంటే, "నిదానంగా తినాలంటే ఇంకొకరు ఉండల్ల అమ్మీ" అనేది.

వేరుశనక్కాయల లారీ బోల్తా పడిన రోజు నాకింకా కళ్ళముందే ఉంది. ఒక కూలీకి తొడ చీలి రక్తం ఆగడం లేదు. డాక్టరమ్మ తెగిన నరాన్ని వేళ్ళతో నొక్కిపట్టి కుడుతోంది. అప్పుడే కాన్పు గదిలో ఒక నేతగాడి భార్యకు, బిడ్డ పుట్టాక, రక్తం పోవడం మొదలైంది. పరుగెత్తి వచ్చి చెప్పాను.

"చెయ్యి తీస్తే ఈయప్ప పోతాడు. నువ్వు కడుపు గట్టిగా అదిమిపట్టు, వస్తాండా" అంది.

ఆమె వచ్చేసరికి ఆ తల్లి నా చేతుల కిందే చల్లబడింది. కూలీ బతికాడు.

విచారణకు వచ్చిన అధికారి, "కాన్పు మనిషిని వదిలి ఎక్కడున్నారు?" అని అడిగాడు.

"ఈడే ఉంటి సార్. ఇద్దర్లో ఎవర్ని వదలల్లో మీరు చెప్పండి."

"ఏడాదికి వచ్చే రోగులను రోజులతో భాగించి చూశాం. మీకు ఒక్క డాక్టరు చాలు."

"వాళ్ళు రోజుకింతమందిమని పంచుకొని రారు సార్. శనక్కాయలు పీకే కాలంలో పాముకాట్లు, సంతనాడు దెబ్బలు, అన్నీ ఒకేసారి వస్తాయి. ఇద్దరు ఒక్కసారే చావుబతుకుల్లో ఉండే రోజును చూసి లెక్క వేయల్ల. ఒక డాక్టరు వార్డు చూస్తాంటే ఇంకొకరు కాన్పు గది వదలకూడదు. ఆ ఇద్దరూ నిద్రపోయేదానికి మూడో మనిషి కావల్ల."

అధికారి కాగితాలు సర్దుకుని జీపెక్కాడు. రెండో డాక్టరు రాలేదు. ఆమెకే పులివెందులకు బదిలీ వచ్చింది.

ఆమె వెళ్ళేరోజు ఆ నేతగాడు పసిబిడ్డను ఎత్తుకుని వచ్చాడు. "మీ మింద నాకు కోపం లేదమ్మా. మా రాత" అన్నాడు.

"రాత అని ఊరుకోవద్దప్పా. ఇంకో డాక్టర్ని ఇయ్యనోళ్ళ మింద కోపం పెట్టుకో" అంది.

మొన్న ప్రొద్దుటూరులో సంతాప సభ పెట్టారు. అదే అధికారి లేచి, ఒంటిచేత్తో ఆసుపత్రి నడిపిన త్యాగమూర్తి అన్నాడు. అందరూ తలలూపారు. నేను బయటికి వచ్చేశాను. ఆమె త్యాగం చేస్తానని ఎవరికీ చెప్పలేదు. తోడు మనిషిని అడిగింది. ఇవ్వని వాళ్ళే ఇప్పుడు దండ వేశారు.

నిన్న డ్యూటీకి వెళ్ళేసరికి మా ఆసుపత్రి ముందు ఎద్దులబండి ఆగి ఉంది. బండిలో ఒక ముసలామె మూలుగుతోంది. ఇప్పుడున్న డాక్టరు, ఆయనా ఒక్కడే, సాక్ష్యం చెప్పడానికి కడప కోర్టుకు పోయాడు.

"డాక్టరు ఉండాడా సిస్టరమ్మా? లేకుంటే పొద్దుటూరికి పోతాం" అన్నాడు బండాయన. ఎద్దులను విప్పలేదు. పగ్గాలు చేతిలోనే పట్టుకుని నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.